పాత ల్యాప్‌టాప్‌లో జాంగో ప్రాజెక్టు నడిపించేదెట్ల: కర్నూలు పిల్లోళ్ల కోసం లోకల్ సెటప్

ఇది ఎవరికంటే, కర్నూల్లోనో నంద్యాలలోనో ఆదోనిలోనో బీటెక్, ఎంసీఏ చదువుతా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) అని పేరు ఇచ్చేసి, ఇప్పుడు యాడ మొదలుపెట్టాల్నో తెలీక బుర్ర గోక్కుంటాండేవాళ్లకి. వీడియోలు చూస్తే ఒకడు అనకొండ వేయమంటాడు, ఒకడు డాకర్ రాకపోతే నువ్వు డెవలపరే కాదంటాడు, ఇంకొకడు మ్యాక్‌లో చేసి చూపించి సబ్‌స్క్రైబ్ చేయమంటాడు, మన దగ్గర ఉండేదేమో అన్న వాడి పక్కన పెట్టేసిన నాలుగు జీబీ ర్యామ్ విండోస్ ల్యాప్‌టాపు, నెట్టుకి ఫోన్ హాట్‌స్పాటు. అది చాలు. నిజంగానే చాలు.

ముందే ఒక మాట చెప్తా, దాన్ని పట్టుకుంటే మిగతాదంతా సులువు. సెటప్ దగ్గర వచ్చే ఎర్రర్లు చానావరకు ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతాయి: ఇప్పుడు నడుస్తాండే పైథాన్ ఏది, అది ఏ ఫోల్డర్లోది? ఎర్రర్ చూడగానే గూగుల్‌కి పోకుండా ఈ ప్రశ్న అడుక్కోండి ముందు.

ప్రాజెక్టు ఏదో ఒకటి ఎదురుగా ఉంటే చెప్పడం బాగుంటాది కాబట్టి, కర్నూలు మార్కెట్ యార్డుకి ఉల్లిగడ్డ తెచ్చే రైతు పేరు, ఊరు, ఎన్ని సంచులు, క్వింటాలు రేటు ఎంత పలికింది, ఇవి రాసిపెట్టుకునే చిన్న యాప్ అనుకుందాం. పేరు మండీ. కమాండ్లు కూడా తెలుగక్షరాల్లోనే రాస్తున్నా, ఫోన్లో చెప్తే ఎట్ల వింటారో అట్ల అన్నమాట. మీరు కొట్టేటప్పుడు మాత్రం అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలు, నేను స్పేస్ ఇచ్చిన చోట స్పేస్, గీత పెట్టిన చోట గీత.

మొదట పైథాన్. పైథాన్ డాట్ ఓఆర్‌జీ సైట్ నుంచే దింపుకోండి, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఇన్‌స్టాలర్ వద్దు. వెర్షన్ 3.12 గానీ 3.13 గానీ ఉంటే బాగుంటాది, ఎందుకంటే 2025 ఏప్రిల్‌లో వచ్చిన జాంగో 5.2 ఎల్‌టీఎస్ వెర్షన్, అంటే ఎక్కువ కాలం సెక్యూరిటీ ఫిక్సులు వచ్చేది, దానికి 3.10 అయినా అంతకన్నా పైదైనా కావాలి. కొత్త పైథాన్ విడుదలైన వారంలోనే ఎగబడి వేసుకునేవాళ్లుంటారు, వాళ్లకి వచ్చే ఇబ్బంది ఏందంటే, కొన్ని లైబ్రరీలు ఆ వెర్షన్‌కి రెడీమేడ్ వీల్ ఫైల్ (ముందే కంపైల్ చేసి పెట్టిన ప్యాకేజీ) ఇంకా పెట్టి ఉండవు, అప్పుడు పిప్పు (లైబ్రరీలు దింపి వేసే టూల్) పోయి సోర్స్ కోడ్ తెచ్చి మన సిస్టంలోనే కంపైల్ చేయబోయి, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14 కావాలి అని ఎర్ర ఎర్రగా అరుస్తాది. జీబీల కొద్దీ ఉండే ఆ బిల్డ్ టూల్స్ హాట్‌స్పాట్ మీద దింపే పని మనకెందుకు, ఒక వెర్షన్ వెనకే ఉందాం.

ఇన్‌స్టాలర్ తెరవగానే మొదటి స్క్రీన్ అడుగున 'యాడ్ పైథాన్ టు పాత్' అని చిన్న టిక్ బాక్స్ ఉంటాది. అది ఖాళీగా ఉంటాది, మనమే టిక్ పెట్టాల. దాన్ని చూడకుండా ఇన్‌స్టాల్ నౌ కొట్టేస్తే తర్వాత 'పైథాన్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్' అని వస్తాది, లేదంటే ఇంకో వింత, పైథాన్ అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటాది. అదేం వైరస్ కాదు, విండోస్ పెట్టిన షార్ట్‌కట్. సెట్టింగ్స్‌లో 'యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్' అని వెతికి, అక్కడ పైథాన్ పేరుతో ఉండే బటన్లు ఆఫ్ చేస్తే పోతాది. టిక్ మర్చిపోయినోళ్లు మళ్లీ ఇన్‌స్టాలర్ నడిపి మాడిఫై లోకి పోయి ఎన్విరాన్మెంట్ వేరియబుల్స్ టిక్ పెట్టుకోవచ్చు.

ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి (పవర్‌షెల్ కాదు, ఎందుకో తర్వాత చెప్తా) ఇది కొట్టండి:

వేర్ పైథాన్

ఒక పాత్ చూపిస్తాది, ఒక్కోసారి రెండు మూడు. పైన ఉండేదే నడిచేది. ఎప్పుడో మెషిన్ లర్నింగ్ వర్క్‌షాప్‌లో వేసిన అనకొండ (లైబ్రరీలన్నీ కలిపి ఇచ్చే ఇంకో పైథాన్) ఉంటే అది కూడా ఇక్కడ బయటపడొచ్చు. తీసేయాల్సిన పని లేదు, ఉందని తెలిస్తే చాలు. కాలేజీ ల్యాబ్ మాన్యువల్ పాతదైతే అందులో ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా రాసి ఉంటాది, అది పైథాన్ 2, దానికి 2020 జనవరి 1తో సపోర్టే ఆగిపోయింది, ఆ ప్రోగ్రాములు చూసి మీ సెటప్ చెడిపోయిందనుకోవద్దండి.

ఫోల్డర్ ఎక్కడ పెట్టాలనేది ఎవరూ చెప్పరు గానీ ఇది ముఖ్యం. డెస్క్‌టాప్ మీద పెట్టొద్దు. కొత్త విండోస్‌లో చానామందికి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ తెలీకుండానే వన్‌డ్రైవ్‌లోకి పోయి ఉంటాయి, మనం ప్రాజెక్టులో వెన్వ్ (అదేందో కింద చెప్తా) తయారు చేసి లైబ్రరీలు వేయగానే అందులో వేల చిన్న చిన్న ఫైళ్లు పడతాయి, వన్‌డ్రైవ్ వాటన్నిటినీ పైకి ఎక్కించడం మొదలుపెడితే ఆ రోజు డేటా ప్యాక్ మధ్యాహ్నానికే ఖతం. సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో నేరుగా 'వర్క్' అని ఒక ఫోల్డర్, దాని లోపల 'మండీ'. పేర్లలో స్పేస్ వద్దు, తెలుగు వద్దు, 'ఫైనల్ ప్రాజెక్ట్ న్యూ 2' అనే టైపు అసలు వద్దు.

ఇంక వర్చువల్ ఎన్విరాన్మెంట్, అదే వెన్వ్. యార్డులో ఒక్కో రైతు సరుకు ఒక్కో కుప్పగా పోసి పెడతారు కదా, కలిపేస్తే ఎవరి గడ్డ ఏదో తేల్చలేరు, అట్లనే ఒక్కో ప్రాజెక్టు లైబ్రరీలు ఒక్కో ఫోల్డర్లో విడిగా ఉండాల. సీనియర్ ఇచ్చిన పాత ప్రాజెక్టుకి జాంగో 4.2 కావాలి, మీదానికి 5.2 కావాలి, రెండూ ఒకే పైథాన్‌లో ఉండలేవు, ఒకటి వేస్తే ఇంకోటి పోతాది. మండీ ఫోల్డర్ లోపలికి పోయి:

పైథాన్ -ఎం వెన్వ్ వెన్వ్

రెండుసార్లు ఎందుకంటే, మొదటి వెన్వ్ పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూల్ (3.3 నుంచి ఉంది, అంటే 2012 నుంచి), రెండోది మనం తయారు చేసే ఫోల్డర్ పేరు. పాత డిస్క్ అయితే అర నిమిషం పైనే పడుతాది, ఆగిపోయిందని కంట్రోల్ సీ కొట్టొద్దు. తర్వాత:

వెన్వ్\స్క్రిప్ట్స్\యాక్టివేట్

ప్రాంప్ట్ ముందర బ్రాకెట్లో వెన్వ్ అని కనిపిస్తే లోపలికి వచ్చినట్టు. ఇప్పుడు మళ్లీ వేర్ పైథాన్ కొట్టి చూడండి, మొదటి లైన్లో మీ మండీ ఫోల్డర్ పాత్ రావాల. వచ్చిందంటే సగం యుద్ధం అయిపోయింది.

పవర్‌షెల్ ఎందుకు వద్దన్నానంటే, అందులో ఇదే యాక్టివేట్ కొడితే 'రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిసేబుల్డ్ ఆన్ దిస్ సిస్టం' అని వస్తాది చానాసార్లు. దాన్ని ఎగ్జిక్యూషన్ పాలసీ రిమోట్‌సైన్డ్‌కి, అది కూడా కరెంట్ యూజర్ వరకే మార్చి దాటొచ్చు, తప్పేం లేదు, కానీ మొదటి రోజే ఆ గొడవ ఎందుకని కమాండ్ ప్రాంప్ట్ చెప్పినా. ఉబుంటు వాడేవాళ్లకి యాక్టివేట్ ఫైల్ స్క్రిప్ట్స్‌లో కాదు బిన్‌లో ఉంటాది, ముందర సోర్స్ అని కొట్టాల, పైథాన్ బదులు పైథాన్3, వెన్వ్ రాకపోతే ఆప్ట్‌తో పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వేసుకోవాల. ఉబుంటు 24.04లో వెన్వ్ లేకుండా నేరుగా పిప్ కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్మెంట్' అని ఆపేస్తాది, కింద బ్రేక్ సిస్టం ప్యాకేజెస్ అనే ఆప్షన్ కూడా చూపిస్తాది, పేరులోనే ఉంది కదా అది చేసే పని, దాని జోలికి పోవద్దు.

రాత్రి పదకొండుకి ఫోన్ వస్తాది, అటువైపు జూనియర్.

'అన్నా, జాంగో ఇన్‌స్టాల్ చేసినా, సాయంత్రం దాకా బాగా నడిచింది, ఇప్పుడు నో మాడ్యూల్ నేమ్డ్ జాంగో అంటాందన్నా.'

'మధ్యలో ఏమన్నా అయిందా?'

'ఏం లేదన్నా, కరెంటు పోయింది, బ్యాటరీ లేదు కదా, సిస్టం ఆఫ్ అయింది, మళ్లీ ఆన్ చేసినా.'

'ప్రాంప్ట్ ముందర బ్రాకెట్లో వెన్వ్ ఉందా?'

'...లేదన్నా.'

అంతే. కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ యాక్టివేట్ కొట్టాల్సిందే, అది గుర్తుపెట్టుకోదు. జాంగో యాడికీ పోలేదు, మీరే బయట నిలబడి ఉన్నారు. ఇంకో సంగతి, ఈ వెన్వ్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఫ్రెండ్‌కి ఇవ్వొద్దు, మీ సిస్టం పాత్‌లు దాని లోపల రాసి ఉంటాయి, ఇంకో సిస్టంలో నడవదు, ప్రాజెక్టు ఫోల్డర్ పేరు మార్చినా యాక్టివేట్ తేడా కొడుతాది. తీసేసి కొత్తది చేసుకోవడమే, దాంట్లో మనం రాసిన కోడ్ ఏం ఉండదు కాబట్టి పోయేదేం లేదు.

వెన్వ్ లోపల ఉన్నామని చూసుకుని:

పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ జాంగో==5.2

ఊరికే పిప్ ఇన్‌స్టాల్ అని కూడా కొట్టొచ్చు, కానీ ముందర పైథాన్ -ఎం పెడితే ఏ పైథాన్ నడుస్తాందో దానికే లైబ్రరీ పడుతాది, పిప్పు ఒకచోట పైథాన్ ఒకచోట అనే తలనొప్పి ఉండదు. 5.2 కింద చిన్న అప్‌డేట్లు వచ్చి ఉంటాయి, వాటిలో చివరిది కావాలంటే == బదులు ~= పెట్టి 5.2.0 అని రాయండి. జాంగో సైజు పది ఎంబీ లోపే, భయం లేదు. డేటా తినేది పాండాస్, నంపై లాంటి లెక్కల లైబ్రరీలు, రెండు కాలమ్‌ల ఫైల్ చదవడానికి పాండాస్ ఎందుకు చెప్పండి, పైథాన్‌లోనే సీఎస్‌వీ మాడ్యూల్ ఉంది.

రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్‌లో మీరు వేసినవి వెర్షన్‌తో సహా రాసుకోండి. పిప్ ఫ్రీజ్ (వేసినవాటి లిస్టు చూపించేది) కొట్టి బాణం గుర్తుతో (>) ఫైల్లోకి పంపొచ్చు, కమాండ్ ప్రాంప్ట్‌లో బాగానే వస్తాది, విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్‌లో అదే పని చేస్తే ఫైల్ యూటీఎఫ్-16 అనే వేరే పద్ధతిలో సేవ్ అయి, గిట్‌హబ్‌కి (కోడ్ పెట్టుకునే సైటు) ఎక్కించినాక గిట్ దాన్ని బైనరీ ఫైల్ అనుకుంటాది. పవర్‌షెల్ మీద నా రెండో కోపం ఇది.

హాట్‌స్పాట్ డేటా ముఖ్యం అనుకునేవాళ్లకి ఒక దారి ఉంది, ఇది తెలిసినోళ్లు తక్కువ. కాలేజీ వైఫై ఉన్నప్పుడు:

పైథాన్ -ఎం పిప్ డౌన్‌లోడ్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ -డి సంచి

ఫైళ్లన్నీ 'సంచి' అనే ఫోల్డర్లో పడతాయి. ఇంటికొచ్చి నెట్ లేకుండానే పిప్ ఇన్‌స్టాల్‌కి --నో-ఇండెక్స్, --ఫైండ్-లింక్స్=సంచి అని రెండూ తగిలించి, వెనకాల అదే -ఆర్ రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఇస్తే అక్కడ్నుంచే వేసుకుంటాది. దింపిన సిస్టంలోనూ వేసే సిస్టంలోనూ పైథాన్ వెర్షన్ ఒకటే ఉండాల, రెండూ విండోసే అయి ఉండాల. హాస్టల్లో నలుగురుంటే ఈ సంచి ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో తిప్పుకోవచ్చు, వెన్వ్‌ని కాదు.

ప్రాజెక్టు మొదలుపెట్టేది ఇట్ల:

పైథాన్ -ఎం జాంగో స్టార్ట్‌ప్రాజెక్ట్ కాన్ఫిగ్ .

చివర చుక్క ఉంది చూడండి, అది లేకపోతే ఫోల్డర్ లోపల ఫోల్డర్ తయారై మేనేజ్ డాట్ పీవై యాడుందో వెతుక్కోవాల. ఆ తర్వాత 'పైథాన్ మేనేజ్.పీవై' అని కొట్టి పక్కన మైగ్రేట్ (డేటాబేస్‌లో టేబుళ్లు తయారు చేసేది), క్రియేట్‌సూపర్‌యూజర్ (అడ్మిన్ పేజీకి లాగిన్ తయారు చేసేది), రన్‌సర్వర్ (సైట్ నడిపేది), ఈ వరుసలో ఒక్కోటి. సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు స్క్రీన్ మీద చుక్కలు కూడా రావు, కీబోర్డు పనిచేయట్లేదని కంగారు పడొద్దు, కొట్టి ఎంటర్ నొక్కండి. బ్రౌజర్లో 127.0.0.1:8000 తెరిస్తే రాకెట్ బొమ్మ. పోర్టు ఇప్పటికే వాడకంలో ఉంది అంటే ఇంకో టెర్మినల్లో పాత సర్వర్ ఆపకుండా వదిలేసినట్టు, దాన్ని ఆపండి, లేకుంటే రన్‌సర్వర్ పక్కన 8001 అని ఇవ్వండి.

డేటాబేస్ గురించి పెద్ద చర్చ వద్దు. ఎస్‌క్యూలైట్ జాంగోతో డీఫాల్టుగా వస్తాది, ఒక్క ఫైల్, సర్వీసు ఏదీ వెనక నడవదు, నాలుగు జీబీ ర్యామ్‌కి అదే దేవుడు. సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్ (విడిగా సర్వీసుగా నడిచే డేటాబేస్) పెట్టే రోజు వచ్చినప్పుడు లోకల్లోనూ పోస్ట్‌గ్రెస్‌కి మారండి. డాకర్ (ప్రాజెక్టుని దానికి కావాల్సినవాటితో సహా ఒక డబ్బాలో పెట్టి నడిపే టూల్) మంచిదే, ఉద్యోగంలో ఎట్లాగూ నేర్చుకుంటారు, కానీ ఈ ల్యాప్‌టాప్‌లో డాకర్ డెస్క్‌టాప్, క్రోమ్, వీఎస్ కోడ్ మూడూ తెరిస్తే ఫ్యాన్ సౌండు పక్కింటోళ్లకి వినపడుతాది.

కాన్ఫిగ్ ఫోల్డర్లో ఉండే సెట్టింగ్స్ ఫైల్లో ఒకటి వెంటనే మార్చాల్సింది టైమ్ జోన్. జాంగో యూటీసీ అని పెట్టి ఇస్తాది, మనం దానికి ఐదున్నర గంటలు ముందర ఉంటాం. యార్డుకి బండి తెల్లారి నాలుక్కి వచ్చి ఎంట్రీ కొడితే, అడ్మిన్‌లో అది ముందు రోజు రాత్రి పదిన్నర అని కనపడుతాది, అంటే ఆ రైతు సరుకు నిన్నటి లెక్కలోకి పోయింది, నిన్నటి రేటు వేరే. వైవాలో ఎవరన్నా అడిగితే తల దించుకోవాల్సిందే. యూటీసీ తీసేసి ఏషియా/కోల్‌కతా అని రాయండి, ఏ పెద్దక్షరం, కోల్‌కతాలో మొదటి కె పెద్దక్షరం. లాంగ్వేజ్ కోడ్‌కి టీఈ అని పెడితే అడ్మిన్ తెలుగులోకి వస్తాది, అన్ని మాటలూ మారవు గానీ డెమోలో బాగుంటాది.

ఇప్పుడు అసలు చోటికొస్తున్నా. వీడియోల్లో ఎవరూ చెప్పనిది, మన దగ్గర తప్పకుండా వచ్చేది, తెలుగు డేటా. రైతుల పేర్లు తెలుగులో ఉన్న సీఎస్‌వీ ఫైల్ ఒకటి ఉంది, దాన్ని ఓపెన్ ఫంక్షన్‌తో చదివి డేటాబేస్‌లోకి ఎక్కించాల. కొంతమంది పేర్లు పిచ్చి పిచ్చి గుర్తులుగా వచ్చేస్తాయి, ఇంకో పేరు దగ్గరికి రాగానే 'చార్‌మ్యాప్ కోడెక్ కాంట్ డీకోడ్ బైట్' అని ప్రోగ్రామే పడిపోతాది. ఎందుకంటే ఫైల్ యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) ఉంది, విండోస్‌లో పైథాన్ మాత్రం మనం చెప్పకపోతే సిస్టం ఎన్‌కోడింగ్ తీసుకుంటాది, మన సిస్టంలలో అది మామూలుగా సీపీ1252. ఆ సీపీ1252లో ఐదు బైట్లకి అక్షరమే లేదు. మన పొల్లు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, దాని చివరి బైటు ఆ ఐదింట్లో ఒకటి. ఉకారం కొమ్ముదీ అంతే. అందుకే 'రమణ' అనే పేరు గప్‌చుప్‌గా చెత్తగా మారి లోపలికి పోతాది, 'నాగన్న' దగ్గర ప్రోగ్రాం పడిపోతాది, ఎందుకంటే నాగన్నలో ఒత్తు ఉంది, ఒత్తుకి ముందర లోపల పొల్లు దాగి ఉంటాది. పడిపోవడమే మేలు, తెలుస్తాది కనీసం. రమణ సంగతే ప్రమాదం.

దీనికి మందు చిన్నదే. ఓపెన్ రాసిన ప్రతిచోటా ఎన్‌కోడింగ్='యూటీఎఫ్-8' అని ఇవ్వండి, ఫైల్ ఎక్సెల్ నుంచి వచ్చిందైతే 'యూటీఎఫ్-8-సిగ్' అని, లేకపోతే మొదటి కాలమ్ పేరు ముందర కనపడని గుర్తు ఒకటి అంటుకుని ఆ కాలమ్ లేదంటాది. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు కూడా మామూలు సీఎస్‌వీ కాదు, లిస్టులో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని విడిగా ఉంటాది, అది ఎంచుకోండి. మామూలుదాంట్లో తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతాది, అయినాక వెనక్కి రాదు. ఇంకా గట్టిగా కావాలంటే పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చుకోవచ్చు (పేరంతా పెద్దక్షరాలు, మధ్యలో స్పేస్ లేదు), కానీ అది మీ సిస్టంలో మాత్రమే, కోడ్‌లో రాస్తే అందరి దగ్గరా నడుస్తాది.

వీఎస్ కోడ్ వాడితే కంట్రోల్ షిఫ్ట్ పీ నొక్కి 'సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్' అని వెతికి, మండీలోని వెన్వ్ పైథాన్ ఎంచుకోండి. ఇంపోర్ట్ జాంగో కింద గీతలు పడితే మళ్లీ మన పాత ప్రశ్నే, ఎడిటర్ చూస్తాండేది ఏ పైథాన్? డాట్ గిట్‌ఇగ్నోర్ ఫైల్లో (గిట్‌హబ్‌కి పోకూడనివాటి పేర్లు రాసేది) వెన్వ్, డాట్ ఈఎన్‌వీ (రహస్యాలు విడిగా పెట్టుకునే ఫైల్), డీబీ డాట్ ఎస్‌క్యూలైట్3 మూడూ రాయండి, రైతుల ఫోన్ నంబర్లున్న డేటాబేస్ గిట్‌హబ్‌లో అందరికీ కనపడేలా పెట్టడం ఏం మర్యాద కాదు. సీక్రెట్ కీ డాట్ ఈఎన్‌వీ ఫైల్లో ఉండాల, కోడ్‌లో కాదు.

ఫోన్లో ఎట్ల కనపడుతాదో చూడాలంటే, హాట్‌స్పాట్ ఇస్తాండే అదే ఫోన్ చాలు. రన్‌సర్వర్ పక్కన 0.0.0.0:8000 ఇచ్చి, ఇంకో ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి ఐపీవీ4 అడ్రస్ చూసి, అది సెట్టింగ్స్‌లో అలౌడ్ హోస్ట్స్ లిస్టులో కోట్స్‌లో పెట్టండి, ఫోన్ బ్రౌజర్లో ఆ నంబరు, పక్కన :8000. విండోస్ ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి ఒప్పుకోండి. హాట్‌స్పాట్ తీసి పెట్టినప్పుడల్లా ఆ నంబరు మారొచ్చు, నిన్న వచ్చింది ఈరోజు రాకపోతే మళ్లీ ఐపీకాన్ఫిగ్. సెట్టింగ్స్‌లో డీబగ్ ట్రూ (ఎర్రర్ వివరాలు చూపించే మోడ్) పెట్టుకుని కేఫ్ వైఫై మీద మాత్రం ఇది చేయొద్దు, ఎర్రర్ వస్తే మీ కోడ్ లైన్లతో సహా పక్కనోడికి చూపిస్తాది.

2024లో వచ్చిన యూవీ అనే టూల్ ఉంది, వెన్వ్, పిప్పు చేసే పనులు రెండూ చానా స్పీడుగా చేస్తాది, మంచిదే, పైదంతా చేత్తో ఒకసారి చేసినాక దానికి మారండి.

రివ్యూకి పోయే ముందు ఫ్రెండ్ సిస్టంలో పెట్టి చూడండి. గిట్‌హబ్‌లోని మీ రిపో (ప్రాజెక్టు ఫోల్డర్) క్లోన్ చేయండి, అంటే దింపండి, కొత్త వెన్వ్, యాక్టివేట్, పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ, డాట్ ఈఎన్‌వీ ఫైల్ చేత్తో పెట్టండి, మైగ్రేట్, రన్‌సర్వర్. మీరు పక్కన కూర్చోండి గానీ కీబోర్డు ముట్టుకోవద్దు, వాడినే కొట్టనీయండి. నో మాడ్యూల్ నేమ్డ్ అని వస్తే, బ్రాకెట్లో వెన్వ్ ఉందో లేదో చూడండి, ఉంటే ఆ లైబ్రరీ పేరు రిక్వైర్‌మెంట్స్‌లో రాయలేదన్నమాట, చేర్చి పుష్ చేసేయండి.